ఎర్రచుక్క గేజీ వెంట కోయంబత్తూరుకి

కోయంబత్తూరు ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను. తగువాడటానికి. మా చోడవరంలో తగువులకి కరువేం లేదు గాని, నాతో వాదించేవాళ్ళందరూ అలిసిపోయారు. మా ఆయనైతే పెళ్ళయిన కొత్తలోనే చేతులెత్తేశారు. "వెళ్ళిరా, అక్కడ కొత్తవాళ్ళు దొరుకుతారు" అని తనే స్టేషనుకి వెళ్ళి టిక్కెట్లు తెచ్చిపెట్టారు. అంత ఉత్సాహం నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా చూడలేదు.

నిజానికి ఆ తగువు నాది కాదు, మా సూరమ్మత్తది. అత్త మా నాన్నగారికి అక్క. ఇద్దరికీ తమ్ముడు జగన్నాథం బాబాయి. ఆయనకిప్పుడు కోయంబత్తూరులో ప్రెషర్ గేజీల ఫ్యాక్టరీ ఉంది. బాయిలర్లో ఆవిరి ఎంత బలంగా తంతోందో చూపించే గుండ్రటి గడియారంలాంటి సాధనం గేజీ. లోపల ఒక వంకర ఇత్తడి గొట్టం ఉంటుంది. ఆవిరి లోపలికి దూరితే గొట్టం తిన్నబడాలని చూస్తుంది. దాంతో పైనున్న ముల్లు కదులుతుంది. మా అమ్మ ఊళ్ళోకి దిగిందని తెలిస్తే మా ఆయన వెన్ను తిన్నబడటం చూసినవాళ్ళకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఫ్యాక్టరీ పుట్టింది కోయంబత్తూరులో కాదు, చోడవరంలో మా పెరటి సావిట్లో. యుద్ధం రోజుల్లో సీమ సామాన్లు రావడం ఆగిపోయింది. రైసుమిల్లు బాయిలరు గేజీ పాడైతే కొత్తది దొరకలేదు. గడియారాలు బాగుచేసుకునే బాబాయి, పాతది విప్పి చూసి, ఇత్తడి గొట్టం తనే వంచి, కొత్త గేజీ చేశాడు. ముల్లు చేశాడు, పెట్టె చేశాడు, అంకెల పలక మాత్రం చేతకాలేదు. ఆయన గీస్తే వృత్తం గుమ్మడికాయలా వచ్చేది. అప్పుడు అత్త తన గాజు పెట్టి గుండ్రం గీసింది, దారం మడిచి సమానంగా భాగాలు చేసింది, ముగ్గు వేసే వేళ్ళతో అంకెలు రాసింది. అంతా అయ్యాక, మా ఇంట్లో కొత్త చేట వచ్చినా కొత్త రోకలి వచ్చినా చేసే పనే చేసింది. కాస్త కుంకం తుమ్మజిగురుతో కలిపి, పలకకి సరిగ్గా నడిమధ్యన, పైన, ఒక బొట్టు పెట్టింది. బాబాయి దానిమీద అద్దం బిగించేశాడు.

రైసుమిల్లు షావుకారు ఆ ఎర్రచుక్క చూసి, అది ప్రమాదం గుర్తనుకున్నాడు. ముల్లు చుక్క దాటితే బాయిలరు పేలుతుందని పనివాళ్ళకి చెప్పాడు. అంటే ఆ బాయిలరు సగం ఆవిరితోనే నడిచింది. సగమే పని చేసిన గేజీ ఎందుకు పాడవుతుంది? చుట్టుపక్కల సీమ గేజీలన్నీ ఒక్కొక్కటే మూలపడుతుంటే, జగ్గడి గేజీ మాత్రం గుండ్రాయిలా ఉందని పేరొచ్చింది. "మాకూ ఆ ఎర్రచుక్కున్నదే కావాల" అని దేవరాపల్లి నుంచి, కోటపాడు నుంచి మనుషులు వచ్చారు. బాబాయి నవ్వుకున్నాడు, ఊరుకున్నాడు. అత్త బొట్లు పెడుతూ పోయింది. తరవాత బట్టల మిల్లుల వాళ్ళు పిలిస్తే బాబాయి కోయంబత్తూరు వెళ్ళిపోయాడు. చుక్క కూడా ఆయనతో వెళ్ళింది, కుంకం పోయి ఎర్రరంగయింది. అత్త ఇక్కడే ఉండిపోయింది. కొన్నాళ్ళకి మావయ్య పోయాడు, ఆవిడ నుదుటి బొట్టూ పోయింది.

ఈ వేసవిలో కొత్త షెడ్డు ప్రారంభానికి రమ్మని బాబాయి కబురు పంపాడు. ఫ్యాక్టరీ చరిత్ర అంతా బొమ్మలతో ఒక గదిలో పెట్టారట. అత్త మెల్లగా నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఒసే, నువ్వు సదూకున్నదానివి. జగ్గడితో ఒక్క మాట అనిపించగలవేటే? నలుగురిలోనా, ఆ సుక్క మా అక్క పెట్టిందీ అని. అంతే. ఇంకేటీ వొద్దు నాకు."

ఆ ఒక్క మాట కోసం ఈ ప్రయాణం.

అనకాపల్లి

మా ఊళ్ళో బస్సెక్కుతుంటే రైసుమిల్లు సన్నిబాబు వచ్చాడు. మొదటి గేజీ కొన్న షావుకారు కొడుకు ఇతనే. గేజీ ఇంకా ఉంది, మిల్లు ఇంకా నడుస్తోంది.

"బాబుగారికి నా దణ్ణాలు సెప్పండమ్మా. మా నాన్న గాని నాను గాని ఈ రోజుకీ ముల్లుని ఎర్రసుక్క దాటనివ్వలేదని సెప్పండి. పక్క మిల్లోడికి ఒడ్లు ఉడికిపోయి ఎండబోసుకుంటుంటే, మావింకా పొగ సూస్తా కూకుంటాం. అయినా దాటనివ్వం!"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కకి తిరిగి, బస్సు టాపు మీదికి ఎక్కుతున్న మేకని చాలా శ్రద్ధగా చూశాను.

అనకాపల్లిలో బెల్లం కొన్నాం. బాబాయికి బెల్లమంటే ప్రాణం. తాటాకు బుట్టలో పెట్టి, పైన గోనె కుట్టి ఇచ్చాడు కొట్టువాడు. "మద్రాసు దాకా రాయిలాగుంటాదండి" అన్నాడు. ఆ మాటకి పూచీ అడగాల్సింది. అడగలేదు.

గోదావరి మీద

బండి వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ లేచి కిటికీల మీద పడ్డారు. చిల్లర విసిరేవాళ్ళు, దణ్ణాలు పెట్టేవాళ్ళు, పిల్లల్ని ఎత్తి చూపించేవాళ్ళు. అత్త బుట్టలో వేలు పెట్టి, ఒక బెల్లం ముక్క గిల్లి గోదావరిలో వేసింది. "డబ్బులేం జేసుకుంటాదే ఆవిడ? నోరు తీపి సేసుకుంటాది" అంది. ఎదురుగా కూర్చున్న ప్లీడరుగారు బెల్లం వేయడం శాస్త్రంలో లేదన్నారు. పావలా వేయడం ఏ శాస్త్రంలో ఉందో చెప్పమన్నాను. నిడదవోలు వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు, పాపం. తాడేపల్లిగూడెంలో దిగిపోయారు. ఆయన వెళ్ళవలసింది బెజవాడ అని తరవాత ఎవరో చెప్పారు.

మద్రాసు

మద్రాసు ఎండ బెల్లానికి పడలేదు. సెంట్రల్లో కూలి బుట్ట నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేశాడో లేదో, పాకం అతని చెవి వెనకనుంచి కారడం మొదలుపెట్టింది. అతను వేలితో తుడిచి, నాకి, ఆగి, మళ్ళీ నాకి, బుట్టని అంతకుముందు కన్నా మర్యాదగా పట్టుకున్నాడు. ఇచ్చిన డబ్బులు తీసుకున్నాడు, బేరమాడలేదు. బేరానికి సిద్ధపడి వచ్చిన నాకు అదొక ఆశాభంగం.

హోటల్లో కాఫీ ఇచ్చే పద్ధతి చూడాలి. గ్లాసు చిన్నది, దానికింద గిన్నె పెద్దది. అది చల్లార్చుకోవడానికని తెలియక, గిన్నె ఖాళీగా వచ్చిందేమని సర్వరుని నిలదీశాను. అతను నా వంక జాలిగా చూసి, నా కాఫీ తనే గిన్నెలోకి, గ్లాసులోకి రెండు మూడుసార్లు తిరగబోసి, నురగతో నా ముందు పెట్టాడు. కాఫీ అమోఘం. ఖరీదు కూడా. ఆ డబ్బుకి చోడవరం బస్టాండులో ఇద్దరు తాగి, మూడోవాడిని పిలవొచ్చు. భోజనంలో మాత్రం మూడు రకాల పులుసులు పోసి మూడింటికీ మూడు పేర్లు చెప్పారు. నిలవ పచ్చడి అనేది లేదు. అత్త తన గోంగూర సీసా తీసి విస్తరి పక్కన పెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని దేశం కాని దేశంలో దిక్కులేనివాళ్ళని చూసినట్టు చూసింది.

కోయంబత్తూరు బండి

రెండో బండిలో మా పక్కన ఒక ముక్కుపుడకావిడ కూర్చుంది. ముక్కుకి రెండు వైపులా పుడకలే. మేం మాట్లాడుకుంటుంటే చాలాసేపు విని, "మీరు మాట్లాడేది ఏ బాస?" అంది. తెలుగులోనే!

"తెలుగే" అన్నాను.

"మాది గదా తెలుగు! మీది అట్ల లేదే" అంది.

తరతరాలుగా అక్కడున్న తెలుగువాళ్ళట. ఆంధ్రదేశం ఎప్పుడూ చూడలేదట. అత్త 'ఏటి' అంటే ఆవిడకి నవ్వు. ఆవిడ 'యాడికి పోతా ఉండారు' అంటే అత్తకి నవ్వు. మనది అసలు, ఎదుటివాళ్ళది పాడైపోయిందని ఇద్దరూ గట్టిగా నమ్మారు గనక, ఇద్దరి మధ్యా స్నేహం కుదిరింది. గోంగూర అటు వెళ్ళింది, మురుకులు ఇటు వచ్చాయి.

ఎవరింటికని అడిగితే బాబాయి గేజీల సంగతి చెప్పాను.

"ఎర్రసుక్కదా!" అని ఆవిడ అత్త మోకాలు మీద చెయ్యి వేసింది. "మా ఇంటాయన నూలు మిల్లులో బాయిలరు కాడ పని. ఆ సుక్క ఉండాది, నాకు బయం లేదు అంటాడు. దినామూ పొద్దున దానికి దండం పెట్టినాకనే పని మొదలు. ఆ సుక్క కనిపెట్టిన మగరాయుడు ఎవురో గాని, సల్లగుండాల."

అత్త పెదవులు కదిలాయి. నోరు తెరిచి, మురుకు ముక్క వేసుకుని మూసేసింది. తరవాత కిటికీలోంచి బయటికి చూస్తూ నాకు మాత్రమే వినపడేట్టు అంది:

"మగరాయుడట."

బాబాయి ఇల్లు

కోయంబత్తూరు మెత్తటి ఊరు. గాలి చల్లన, నీళ్ళు తియ్యన, మనుషుల మాట నెమ్మది. నాలాంటిదానికి ఒక వారం మించితే జబ్బు చేస్తుంది. ఎటు చూసినా మిల్లు గొట్టాలే. మిల్లు కూత వినబడితే గడియారాలు సరిచేసుకుంటారు. మా ఊళ్ళోనూ పంచదార ఫ్యాక్టరీ కూత ఉంది గాని, అది వింటే మనవాళ్ళు కూత ఆలస్యమైందంటారు తప్ప గడియారాన్ని ముట్టుకోరు.

బాబాయి లావయ్యాడు. కోటు వేశాడు. అందరూ చైర్మన్ గారంటున్నారు. అత్త మాత్రం గేటు దగ్గరే, "ఒరే జగ్గా! ఏట్రా ఆ పొట్ట?" అంది. పక్కనున్న మేనేజరు తన బూట్లు చూసుకున్నాడు. బెల్లం బుట్ట నడవాలో పెడితే, సాయంత్రానికి చీమలు బారులు తీరి బాబాయి సోఫాల మీదుగా పోయాయి. పిన్ని, అంటే బాబాయి భార్య, చీమల్ని చూసిన చూపుతోనే మమ్మల్నీ చూసింది. బాబాయి ఎవరూ చూడకుండా పాకం అరచేతిలో పోసుకుని నాకాడు. చైర్మన్ గారు ఆ కాసేపే నాకు చుట్టంలా కనిపించారు.

చరిత్ర గది చూపించారు. గోడలనిండా రంగుల బొమ్మలు. పెరటి సావిడి ఉంది, యుద్ధం ఉంది, బాబాయి దీపం ముందు లావాటి ఇంగ్లీషు పుస్తకం చదువుతున్న బొమ్మ ఉంది. మా ఇంట్లో ఆ లావు పుస్తకం ఎప్పుడూ లేదు. ఆ దీపమూ లేదు. అద్దాల పెట్టెలో మొదటి కాలపు గేజీ. కింద ఇంగ్లీషులో రాసి ఉంది: 'లోతైన శాస్త్రీయ పరిశోధనతో మా వ్యవస్థాపకులు నిర్ణయించిన భద్రతా చిహ్నం'. అత్త అద్దానికి ముఖం ఆనించి తన అంకెలు చూసుకుంది. "ఏటి రాసేరే?" అంది. చదివి చెప్పాను. అత్త అద్దం మీద పడిన తన ఊపిరి మచ్చని కొంగుతో తుడిచింది.

నేను అనవలసింది తిన్నగా బాబాయి గదికెళ్ళి అన్నాను. ఆయన తలుపు వేసి, చేతులు జోడించాడు.

"నీకు దణ్ణం పెడతానమ్మా. రేపు చీఫ్ గెస్ట్ ఎవరనుకున్నావ్? బాయిలర్ల ఇనస్పెక్టరు! అది కుంకం బొట్టని తెలిస్తే నా పరువేం గాను? నవ్వుతారే! ఆర్డర్లు కేన్సిలైపోతాయి."

"అక్క పేరు చెబితే పరువు పోయే ఫ్యాక్టరీ అయితే, పోయే పరువెక్కడుంది బాబాయ్?"

"నీతో ఆర్గ్యుమెంటు నా వల్ల కాదు. అక్కని పిలు."

అత్త వచ్చింది. తమ్ముడి ముఖం చూసింది. మొత్తం వినకముందే, "సర్లేరా. నీ పనికి అడ్డొస్తే నానెందుకంటాను? ఇదిగో, దీన్నీ అననివ్వను" అని నా చేత ఒట్టు వేయించుకుంది. అంత దూరం వెళ్ళి, తగువు మొదలుకాకుండానే, నా నోటికి తాళం. మా ఆయన వింటే కొబ్బరికాయ కొట్టేవారు.

కొత్త షెడ్డు

షెడ్డులో కుర్చీలు వేశారు. పసుపు రాసిన కొత్త గేజీ వెండి పళ్ళెంలో ఉంది. దానికి అద్దం బిగించలేదు, ఎర్రచుక్క ఇంకా పెట్టలేదు. సభ అయ్యాక పిన్ని కుంకంతో పెట్టాలట. ఆ శుభం పూర్తయ్యేదాకా ఎదురుపడకుండా ఉండాలని పిన్ని అత్తని చిట్టచివరి వరసలో, స్తంభం వెనక కూర్చోబెట్టింది. స్తంభం వెనకనుంచి ఏమీ కనిపించదని నేను పిన్నితో అనబోయాను. అత్త నా జబ్బ గిల్లింది. ఒట్టు.

బాబాయి ఉపన్యాసం దివ్యంగా ఉంది. చాలా భాగం నాకూ కొత్తే. అంతా అయ్యాక ఇనస్పెక్టరు గారు లేచారు. చిత్తూరు వైపు మనిషి, తెల్లమీసాలు, ముఖంలో నవ్వు దాగదు.

"ఏమండీ చైర్మన్ గారూ, నాదొక సందేహం. సర్వీసంతా అడగాలనుకుంటా ఉండాను. ఒక్కో బాయిలరు హద్దు ఒక్కో తావున ఉంటుంది. దాన్ని బట్టి ఎర్రగుర్తు పెట్టాల. మీ గేజీలు ఏ సైజువి చూసినా, చుక్క సరిగ్గా నట్టనడుమే ఉంది. ఎందుకట్ల?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. జర్మనీ అన్నాడు. ఫార్ములా అన్నాడు. ఇత్తడి గుణమన్నాడు. మేనేజరు తల ఊపాడు. ఇనస్పెక్టరు ఊపలేదు.

"ఆ ఫార్ములా ఏదో చెప్పండి, నేనూ రాసుకుంటాను. నట్టనడుమే ఎందుకు?"

బాబాయి మేనేజరు వైపు చూశాడు, మేనేజరు బూట్లు చూసుకున్నాడు. నేను ఒట్టు తలుచుకుని నోరు బిగించుకుని కూర్చున్నాను. అప్పుడు స్తంభం వెనకనుంచి అత్త గొంతు, పెరట్లో కోడిని అదిలించినంత గట్టిగా వచ్చింది.

"మజ్జిన పెట్టక, బొట్టు సెంపకి పెడతారేటి నాయనా?"

ముందు తెలుగు తెలిసినవాళ్ళు నవ్వారు. వాళ్ళు పక్కనున్న అరవవాళ్ళకి చెప్పారు. వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వెనక వరసకి వచ్చి, మళ్ళీ ముందుకి వెళ్ళింది. ఇనస్పెక్టరు గారు కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని, "ఎవరమ్మా ఆ మాటన్నది?" అన్నారు.

అప్పుడు బాబాయి మైకు దగ్గరికి వంగాడు. కోటు గుండీ ఒకటి విప్పుకున్నాడు.

"మా అక్కండి" అన్నాడు. "మొదటి గేజీ పలక మా అక్కే రాసింది. ఆ చుక్క మా అక్క పెట్టిన బొట్టు. నాకు దాని గురించి ఏ ఫార్ములా తెలీదు."

పరువు పోలేదు. ఇనస్పెక్టరు గారు చప్పట్లు కొట్టారు. "తప్పయితే తప్పేనమ్మా, ఇకమీద ఏ బాయిలరు హద్దు దానికి పెట్టించండి. కాని ఈ తప్పుకి ఒక్క మనిషీ చావలేదు. నేను చూసిన ఒప్పులు కొన్నిటికి చచ్చిపోయారు" అన్నారు.

బాబాయి కుంకం భరిణె పట్టుకుని స్తంభం దాకా నడిచొచ్చాడు. పిన్ని ముఖం మాడిపోయింది. అత్త భరిణె చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాను ముట్టుకోకూడదురా."

ఇంక నా ఒట్టు తీరిపోయిందని లేచాను. ఈ దేశంలో ఇత్తడి సామానుకి కూడా ముత్తయిదువే బొట్టు పెట్టాలా అని మొదలుపెట్టాను. కాని అత్త నా మాట వినడంలేదు. ఆవిడ చూపు గోడవారనున్న బల్ల మీద ఉంది. అక్కడ రంగులు వేసే పనివాళ్ళ ఎర్రడబ్బా, సన్నటి కుంచె ఉన్నాయి.

"కుంకం కూడదు గాని, ఎనామిలు పెయింటుకేటి తప్పు?" అంది.

కుంచె ముంచి, గేజీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఇనస్పెక్టరు గారి వైపు తిరిగి, "ఎక్కడ పెట్టమంటారు బాబూ?" అని అడిగింది.

"ఈ ఒక్కదానికీ మీ ఇష్టమమ్మా. ఇది గోడకి తగిలించేదే గదా."

నడిమధ్యన పెట్టింది.

మళ్ళీ చోడవరం

వచ్చిన మర్నాడే సన్నిబాబు మా అరుగు మీద ఉన్నాడు. అత్త నవ్వుతూ మొత్తం చెప్పేసింది. అతను వింటున్నకొద్దీ అతని ముఖం అరటాకు వాడినట్టు వాడిపోయింది. తండ్రి కాలం నుంచి సగం ఆవిరితో ఉడికిన వడ్లన్నీ అతని కళ్ళముందు కదిలి ఉంటాయి.

"బొట్టా! అమ్మా, బొట్టా! పక్క మిల్లోడు నన్ను సూసి ఎన్నిమార్లు నవ్వేడు!"

"నీ బాయిలరు పేలిందేట్రా?"

"పేల్లేదు."

"నీకేటైనా అయిందేటి?"

"అవలేదు."

"మరింకేటి?"

సన్నిబాబు తువ్వాలు దులుపుకున్నాడు, లేచాడు, మెట్టు దిగాడు, మళ్ళీ ఎక్కాడు.

"ఇనస్పెక్టరు గారు దాటించొచ్చన్నాడు కదండీ" అని నన్ను అడిగాడు.

"మన వైపు ఇనస్పెక్టరు వచ్చి చూసి, మీ బాయిలరు హద్దు ఎక్కడుందో చెబుతారు. అక్కడిదాకా హాయిగా దాటించుకో."

సన్నిబాబు మళ్ళీ అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాట. డేంజరు గుర్తనుకున్నన్నాళ్ళూ, కోతల రద్దీలో, ఎవులూ సూడకుండా ఒకటి రెండు మార్లు దాటించేసేను. ఆ రోజు మీకు అబద్దం సెప్పేను." అత్త వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "బొట్టని తెలిసేక ఇంకెలాగ దాటిస్తానమ్మా?"

మిల్లులో ఇప్పటికీ పొగ చూస్తూ కూర్చుంటున్నాడు. నేను రెండుసార్లు వెళ్ళి వాదించాను. మూడోసారి నన్ను చూసి లోపలినుంచి గడియ పెట్టుకున్నాడు.